రచయిత పెట్టిన ఖాళీ

పోయిన ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు చూస్తూ నడుస్తుంటే, ఒక ముసలాయన పరిచిన గోనెపట్టా మీద పుస్తకాల పక్కనే ఒక రేకు డబ్బా కనిపించింది. దాని నిండా పాత అచ్చు ప్రెస్సుల సీసపు అక్షరాలు. చెయ్యి పెట్టి కదిపాను. చల్లగా, బరువుగా వేళ్ల సందుల్లోంచి జారుతూ గలగలమన్నాయి. వేళ్లకు నల్లటి మరక అంటుకుంది. ఎన్నడో ఆరిపోయిన సిరా వాసన, దాని వెనక కిరసనాయిలు వాసన. ముసలాయన అక్షరాలున్న ముక్కలను ఒక్కొక్కటే ఏరి నా అరచేతిలో పెడుతూ, అక్షరం లేని పొట్టి ముక్కలను పక్కకు నెట్టేశాడు. "గివి ఖాళీవి మేడం. వీటి మీద ఏం లేదు. కావాలంటె ఊకెనే తీస్కపోండ్రి" అన్నాడు. నేను ఆ ఖాళీవే గుప్పెడు ఏరుకున్నాను. ఆయన నన్ను వింతగా చూశాడు. ఎండ నడినెత్తికి వచ్చింది, జనం తోసుకుంటూ పోతున్నారు, నేను మాత్రం ఆ ముక్కలు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. వాటికి బరువుంటుందని నాకు మొదట చెప్పిన మనిషి దేవసహాయం సార్. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆయన గురించి రాయాలని ఎన్నిసార్లు అనుకున్నానో, అన్నిసార్లూ వాయిదా వేశాను. ఎందుకంటే ఆయన కథ చెప్పాలంటే నేను నోరు మూసుకుని నిలబడ్డ ఒక మధ్యాహ్నం గురించి కూడా చెప్పాలి.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నేను బీఎస్సీ పూర్తి చేసి, ఒక కంప్యూటర్ కోర్సు నేర్చుకుని, అబిడ్స్‌లో ఒక పాత భవనం మూడో అంతస్తులో ఉన్న చిన్న కంపెనీలో చేరాను. మా ఇల్లు నాంపల్లిలో. నాన్న ఒక ప్రైవేటు బడిలో లెక్కల మాస్టరు. నడిచి వెళ్లేంత దూరంలో ఉద్యోగం దొరికిందని ఇంట్లో అందరికీ సంబరం. మా కంపెనీ పని విదేశీ ప్రచురణకర్తల పుస్తకాలను అచ్చుకు సిద్ధం చేయడం. పుస్తకం మా దగ్గరికి ఎక్స్‌ఎంఎల్ ఫైలుగా వచ్చేది. అందులో పేజీ ఎలా ఉంటుందో ఉండదు. ఇది శీర్షిక, ఇది పేరా, ఇది మందు పేరు, ఇది అంకె అని ప్రతి ముక్కకూ ముందూ వెనకా ఒక గుర్తు ఉంటుంది. ఆ గుర్తును ట్యాగు అంటాం. ఆ ట్యాగులను చూసి, ఏది ఎంత అక్షరంలో ఎక్కడ కూర్చోవాలో చెప్పే ప్రోగ్రాము నేను రాయాలి. దాన్ని నడిపితే చివరికి పీడీఎఫ్ పేజీలు వస్తాయి. వాటిని ప్రచురణకర్తకు పంపితే, వాళ్లు ప్లేట్లనే లోహపు రేకులు తీసి, వాటితో అచ్చు వేసుకుంటారు.

చేరిన వారానికే నేను తయారుచేసిన పది పేజీలు ప్రింటు తీసి దేవసహాయం గారికి చూపించమన్నారు మేనేజరు వేణుగోపాల్ గారు. పేజీలన్నీ సరిచూసి పంపే విభాగానికి ఆయన పెద్ద. గాజు తలుపున్న చిన్న గది, తెల్ల చొక్కా, జేబులో రెండు ఎర్ర పెన్నులు, ముక్కు చివరికి జారిన కళ్లద్దాలు. ఆయన నా కాగితాలు అందుకుని, తలకిందులుగా తిప్పి, చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని చూడసాగారు. పొరపాటున తిప్పి పట్టుకున్నారేమో అనుకున్నాను.

"సార్, ఉల్టా పట్టుకున్నరు" అన్నాను మెల్లగా.

"ఔ, ఉల్టానే" అన్నారు కళ్లు తిప్పకుండా. "సీదా వడ్తె కండ్లు అక్షరాల ఎంబడి పోతయి, ఖాళీలు కనవడయి. ఉల్టా వడ్తె సదువరాదు కద, గప్పుడు ఖాళీలే కనవడ్తయి. ఇగో, ఈడ జూడు."

ఆయన వేలు పెట్టిన చోట చూశాను. పేరా నడుమ పైనుంచి కిందికి ఒక తెల్లటి పాయ, గోడ మీద వాన నీరు కారినట్టు. ఇంకోచోట కామాకు ముందు అక్షరమంత ఖాళీ. మరోచోట బ్రాకెట్టు తెరవగానే ఒక ఖాళీ. నేను ఆ పేజీలను అప్పటికే నాలుగుసార్లు చదివాను. ఒక్కటీ కనబడలేదు.

"ఈ ఖాళీలు నువ్వు వెట్టినవా బిడ్డా?"

"లేదు సార్. ఫైల్లనే వచ్చినయి."

"ఫైల్ల ఎవరు వెట్టిన్రు?"

అది తెలుసుకోవాలని నాకెప్పుడూ తోచలేదు. ఆ సాయంత్రం కూర్చుని ఫైలు తెరిచి చూస్తే అర్థమైంది. మనుషులు చదువుకోవడానికి వీలుగా ఉండాలని, ఫైలు తయారుచేసే సాఫ్ట్‌వేరు ఒక్కో ట్యాగును కొత్త వరుసలో, కొద్దిగా లోపలికి జరిపి రాస్తుంది. అలా జరపడానికి వేసిన ఖాళీలు కూడా ఫైల్లో ఖాళీలే. రెండు మాటల నడుమ రచయిత పెట్టిన ఖాళీకీ, వరుస అందంగా కనిపించడానికి సాఫ్ట్‌వేరు పెట్టిన ఖాళీకీ ఫైల్లో రూపం ఒక్కటే. కంప్యూటర్‌కు రెండింటికీ తేడా తెలియదు. నాకూ తెలియలేదు. పుస్తకాలతో పని చేస్తున్నాననే అనుకుంటున్నదాన్ని, అందులో సగం పని అక్షరాలు లేని చోట జరుగుతుందని ఆ రోజే తెలిసింది.

దేవసహాయం సార్‌ది మెదక్. మిషన్ బడిలో చదివి, ఒక మిషన్ ప్రెస్సులో కంపోజిటర్‌గా చేరి, ముప్పై ఏళ్లు సీసపు అక్షరాలు పేర్చారు. తొంభైల్లో ఆ ప్రెస్సు మూతబడితే హైదరాబాద్ వచ్చి ప్రూఫులు దిద్దే పనిలో కుదిరారు. సికింద్రాబాద్‌లో కిరాయికి ఉండేవారు. మధ్యాహ్నం హాల్లో అందరం కలిసి తినేవాళ్లం. ఆయన డబ్బాలో రోజూ జొన్నరొట్టె, ఏదో ఒక ఆకుకూర. ఒకరోజు తింటూ అడిగారు, కంప్యూటర్‌లో ఖాళీ అంటే ఏమిటని. మీట నొక్కితే వచ్చే ఖాళీ ఒకటి, వరుస తిరిగితే ఒకటి, ట్యాబు కొడితే ఒకటి, అన్నిటికీ లోపల ఒక్కో సంఖ్య ఉంటుందని చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, రొట్టె ముక్క పక్కన పెట్టి, వేళ్లు తుడుచుకున్నారు.

"మా కాలంల ఖాళీకి బరువుండె బిడ్డా. అక్షరం ఎట్ల చేతితోని తీసి వెడ్తమో, ఖాళీ గూడ గట్లనే తీసి వెట్టాలె. ఊకె రాదది. మాటకు మాటకు నడుమ ఓ ముక్క. పాట చరణం పొట్టిగుంటె మిగిలిన జాగంత ముక్కలతోని నింపాలె. నింపకుంటివా, పేజీ నిలవడదు. ఎత్తంగనే అక్షరాలన్ని జలజల రాలుతయి. ఓసారి గట్ల ఎనిమిది పేజీల కీర్తనలు నేల మీద వడ్డయి. రెండు దినాలు ఏరిన."

"అయ్యో!"

"అయ్యో ఏముంది. గప్పటి సంది మరువలే. మీ కంప్యూటర్ల ఖాళీకి బరువు లేదు, కింద వడది. గందుకే మీకెవ్వరికి దాని మీద ఫికర్ లేదు."

సాయంత్రాలు ఆయన నాంపల్లి స్టేషన్‌లో రైలెక్కేవారు. నాదీ అదే దారి కాబట్టి తరచూ కలిసి నడిచేవాళ్లం. ఆ నడకలో ఆయన కనిపించిన ప్రతి బోర్డునూ చదివేవారు. స్టేషన్‌కు పోయే సందులో ఒక హాస్టల్ ఉండేది. దాని గేటు మీద పెయింటర్ పెద్ద అక్షరాలతో 'ఆడ వారికి మాత్రమే' అని, ఆడకూ వారికీ నడుమ జానెడు ఖాళీ వదిలి రాశాడు. దేవసహాయం సార్ దాని ముందు ఆగి, ఎంతో గంభీరంగా, "ఆడ వారికి మాత్రమేనట. మరి ఈడ ఎవరికి?" అన్నారు. నేను రోడ్డు మీద పగలబడి నవ్వాను. ఆయన మాత్రం నవ్వలేదు, కళ్లద్దాల పైనుంచి నన్ను చూశారు అంతే. ఆ తరవాత నెలల తరబడి ఆ గేటు దాటినప్పుడల్లా ఇద్దరిలో ఎవరో ఒకరం "మరి ఈడ?" అనేవాళ్లం. అర్థాన్ని ఒక ఖాళీ ఎంత దూరం తీసుకుపోగలదో నేను పుస్తకాల్లో కంటే ఆ సందులోనే ఎక్కువ నేర్చుకున్నాను. కానీ నేర్చుకున్నది సమయానికి గుర్తు రావాలి కదా.

నేను చేరిన ఆరో నెలలో ఇంగ్లండు నుంచి ఒక పుస్తకం వచ్చింది. ఇళ్లకు వెళ్లి రోగులను చూసే నర్సులు చేతిసంచిలో పెట్టుకునే చిన్న పుస్తకం. ఏ మందు, ఏ వయసుకు, ఎంత. మా కంపెనీకి ఆ ప్రచురణకర్తతో అదే మొదటి పని. బాగా చేస్తే మరో మూడు పుస్తకాలు ఇస్తామన్నారు. నాకు ఆ నెలాఖరుకు ఆరు నెలల పరీక్షాకాలం ముగుస్తుంది, ఉద్యోగం ఖాయం కావాలి. మొదటి విడత పేజీలు దేవసహాయం సార్ అక్షరం అక్షరం చూశాక వెళ్లాయి. వారానికి జవాబు వచ్చింది. మాటలన్నీ సరిగానే ఉన్నాయి, కానీ పేజీల నిండా అనవసరమైన ఖాళీలున్నాయి, వెంటనే తీసివేసి మళ్లీ పంపండి, అచ్చుకు సమయం లేదు అని. దేవసహాయం సార్ ఆ ఖాళీల్లో చాలావాటిని ఎర్ర పెన్నుతో గుర్తుపెట్టే ఉన్నారు. వాటిని ఒక్కొక్కటిగా దిద్దే తీరిక లేదని అప్పుడు పక్కన పెట్టింది మేమే.

వేణుగోపాల్ గారు రెండు రోజులు నా కుర్చీ వెనకే తిరిగారు. మూడో రోజు నాకు ఒక్క వరుసలో పరిష్కారం దొరికింది. రెండు ట్యాగుల నడుమ ఖాళీ తప్ప ఇంకేమీ లేకపోతే, ఆ ఖాళీని ఎక్కడున్నా సరే తీసిపారేయమని ప్రోగ్రాముకు చెప్పవచ్చు. చెప్పాను. నడిపాను. కామాల ముందు ఖాళీలు, బ్రాకెట్ల లోపలి ఖాళీలు అన్నీ ఒక్క దెబ్బకు మాయం. పేజీలు కడిగినట్టు వచ్చాయి. ఆఫీసంతా నా చుట్టూ మూగింది. వేణుగోపాల్ గారు అందరికీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు తెప్పించారు.

"దేవసహాయం సార్‌కు మళ్ల చూపించాల్నా సార్?" అని అడిగాను.

"ఏం మారింది?"

"ఏం మారలేదు సార్. ఖాళీలే."

"ఖాళీలేగా! ఆయన చేతికిస్తే మళ్లీ మూడు రోజులు. పంపించెయ్" అన్నారాయన. పంపించేశాను.

ఇంటికి బయల్దేరేటప్పుడు మెట్ల దగ్గర దేవసహాయం సార్ కలిశారు. బిస్కెట్లు ఎందుకని అడిగారు. గొప్పగా చెప్పాను. చివరికి అదే మాట అన్నాను, "ఏం మారలేదు సార్, ఖాళీలే" అని. ఆయన దిగబోతున్నవారు మెట్టు మీద ఆగిపోయారు.

"ఖాళీలు మారినయంటె శానా మారినట్టే బిడ్డా. కొత్త పేజీలు ఓ ప్రతి తీసి నా బల్ల మీద వెట్టి పో."

మనసులో విసుక్కుంటూనే వెనక్కి వెళ్లి ప్రింటు తీసి పెట్టాను.

మర్నాడు మధ్యాహ్నం అన్నం వేళకు ఆయన హాల్లోకి రాలేదు. కాసేపటికి ఒక కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. ఎర్ర పెన్ను ఒకచోట ఆనించి, "ఇదెంత బిడ్డా?" అన్నారు.

చదివాను. "పదకొండు బై రెండు."

"అంటె?"

"అయిదున్నర."

"ఏంది అయిదున్నర?"

వరుస మొదటి నుంచి చదివాను. జ్వరం మందు. రెండు మూడేళ్ల పసిపిల్లలకు. చెంచాలు.

ఫైలు తెరిచాను. రచయిత్రి రాసింది ఒకటి, ఆ తరవాత ఒక ఖాళీ, ఆ తరవాత ఒకటి బై రెండు. ఒకటిన్నర చెంచా. పూర్తి అంకెకు ఒక ట్యాగు, సగానికి ఒక ట్యాగు, రెండింటి నడుమ ఒకే ఒక్క ఖాళీ. ఖాళీ తప్ప ఇంకేమీ లేదు కాబట్టి నా వరుస దాన్ని ఎత్తి పారేసింది. రెండు ఒకట్లు పక్కపక్కకు చేరి పదకొండయ్యాయి. లెక్కల మాస్టరు కూతుర్ని. ఒకటిన్నరను అయిదున్నర చేసి ఇంగ్లండు పంపాను.

దేవసహాయం సార్ నన్ను ఒక్క మాట అనలేదు. "రా" అని వేణుగోపాల్ గారి గదికి తీసుకుపోయారు. కాగితం బల్ల మీద పెట్టి విషయం చెప్పారు. వేణుగోపాల్ గారు చెడ్డమనిషి కాదు, ఆ కంపెనీ నిలబడడానికి రాత్రనక పగలనక కష్టపడ్డవారు. ఆయన తల పట్టుకుని అన్నారు: "సరే. ఇప్పుడే సరిచేసి, అదే పేరుతో ఫైలు వాళ్ల సర్వర్‌లో మళ్లీ పెట్టేద్దాం. పాతది పోతుంది, కొత్తది ఉంటుంది. ఎవరికీ తెలియదు."

"పాతది ఆల్లు ఇప్పటికే తీసుకొని ఉంటె?" అన్నారు దేవసహాయం సార్.

"తీసుకుని ఉండరు."

"ఉంటె?"

"సార్, మనంతట మనమే ఫోన్ చేసి పసిపిల్లల మందు తప్పు వేశామని చెప్తే, ఇంకో పుస్తకం ఇస్తారా మనకు? ఎవరు చేశారని అడుగుతారు. ఏం చెప్తాం?"

నేను గచ్చు వైపు చూస్తూ నిలబడ్డాను. నేనే చేశానని అనాలి. ఆ మాట నోటి దాకా వచ్చింది. నెలాఖరు గుర్తొచ్చింది, నాన్న గుర్తొచ్చారు. మాట లోపలికే పోయింది.

"చూసి పంపవలసినోన్ని నేను" అన్నారు దేవసహాయం సార్. "నా పేరే చెప్త."

అది నిజం కాదు. ఆ పేజీలు ఆయనకు చూపించకుండానే పంపామని ఆ గదిలో ముగ్గురికీ తెలుసు. ఎవరమూ కాదనలేదు.

వాళ్ల ఆఫీసు తెరిచే సమయానికి, మనకు రెండు దాటాక, ఆయనే ఫోన్ చేశారు. మిషన్ బడి ఇంగ్లీషులో, మాటకూ మాటకూ నడుమ ఆగుతూ, నిదానంగా మాట్లాడారు. మేడం, మేము నిన్న పంపిన పేజీల్లో ఒక తప్పుంది, దానితో పసిబిడ్డల ప్రాణానికి ప్రమాదం, దయచేసి అచ్చు ఆపండి, చూడవలసింది నేను, చూడలేదు, నా పేరు దేవసహాయం అని. అవతల ఏమన్నారో మాకు వినబడలేదు. ఆయన చాలాసేపు విన్నారు. ఫోన్ పెట్టేసి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "ప్లేట్లు తీసిన్రట. రేపు పొద్దున మిషిన్ ఎక్కాల్సి ఉండెనట. ఆపిన్రు" అన్నారు. కొత్త ఫైలు చడీచప్పుడు లేకుండా పెట్టి ఉంటే, పాత ప్లేట్ల మీదే అచ్చయ్యేది. వేణుగోపాల్ గారు లేచి కిటికీ దగ్గరికి వెళ్లారు.

తరవాతి రెండు రోజులు నేనూ ఆయనా పక్కపక్కనే కూర్చున్నాం. ఆ పుస్తకంలో డెబ్బైకి పైగా రకాల ట్యాగులున్నాయి. ఒక్కో ట్యాగు పేరూ నేను చదివేదాన్ని. ఆయన ప్రతిసారీ ఒకే ప్రశ్న అడిగేవారు: "దీని నడుమ ఖాళీ రచయిత వెట్టిందా, మిషిన్ వెట్టిందా?" జాబితాలో ఒక అంశానికీ మరో అంశానికీ నడుమ ఉన్నది మిషిన్ పెట్టింది, తీసేయవచ్చు. వాక్యం లోపల మందు పేరుకూ దాని పక్క మాటకూ నడుమ ఉన్నది రచయిత పెట్టింది, ముట్టుకోకూడదు. అంకెల నడుమ ఉన్నది అసలే ముట్టుకోకూడదు. కొన్నిచోట్ల ఇద్దరికీ తెలియలేదు. "ఇది మిషినే పెట్టి ఉంటది సార్" అనేదాన్ని. "ఉంటది అనకు. తెల్వకుంటె అడుగుదాం" అని, ఆ ట్యాగులను వేరే కాగితం మీద రాసి ప్రచురణకర్తకు పంపించారు. నా ఒక్క వరుస నలభైకి పైగా చోట్ల మాటలనో అంకెలనో అతికించిందని తేలింది. అన్నిటినీ ఆయన తిప్పి ఒకసారి, సీదాగా ఒకసారి చూశారు.

పుస్తకం సరిగా అచ్చయింది. కానీ మరో మూడు పుస్తకాల మాట వాళ్లు మళ్లీ ఎత్తలేదు. కంపెనీ యజమాని వచ్చి, పేజీలు సరిచూసే విభాగానికి వేరే మనిషిని పెద్దగా పెట్టారు. దేవసహాయం సార్ గాజు తలుపు గది ఖాళీ చేసి, హాల్లో కిటికీ పక్క బల్లకు, మామూలు ప్రూఫ్‌రీడర్‌గా వచ్చి కూర్చున్నారు. అదే నెలాఖరుకు నా ఉద్యోగం ఖాయమైంది. ఆ కాగితం ఇంటికి తీసుకుపోతే నాన్న దేవుడి పటం ముందు పెట్టారు. నాకు ఆ పూట అన్నం దిగలేదు.

మర్నాడు సాయంత్రం నాంపల్లి వైపు నడుస్తూ ఏడ్చేశాను. "సార్, నేను చెప్పలేదు. నేను చేసిన తప్పుకు మీరు..." అని అంతకంటే మాట రాలేదు. ఆయన నన్ను పక్కనే ఉన్న ఇరానీ హోటల్లోకి తీసుకుపోయి కూర్చోబెట్టారు. రెండు చాయ్‌లు తెప్పించారు.

"నా పెండ్లి ఎట్లయిందో నీకు చెప్పలే కద" అన్నారు.

ఏడుపు మధ్యలో నేను బిత్తరపోయి చూశాను.

ఆయన మిషన్ ప్రెస్సులో కంపోజిటర్‌గా ఉన్న రోజుల్లో, పక్క ఊరి మిషన్ దవాఖానకు మందుల చీటీలు అచ్చు వేసేవారట. ఒకసారి చీటీలో రెండు పూటలు అని ఉండవలసింది మూడు పూటలని పడింది. పేర్చింది ఈయనే. ఒక నర్సు ఆ చీటీల కట్ట పట్టుకుని బస్సెక్కి ప్రెస్సుకు వచ్చి, ఎవరు చేశారని నిలదీసింది. "నేను తప్పు మిషిన్ మీద వెట్టిన. మిషిన్ల ఏదో జరిగిందన్న" అన్నారు సార్. "ఆమె నన్ను ఎగాదిగా చూసి అన్నది, 'మీ మిషిన్ మా దవాఖానకు వస్తదా? మా దగ్గరికి పసిపిల్లలు వస్తరు' అని. నాకు తల ఎత్తనీకె రాలే. రెండు దినాలైనంక నేనే బస్సెక్కి పోయి చెప్పిన, నేనే చేసిన అని. ఇగ ఆ దవాఖానకు పోవుడు బందు కాలే" అని ఆయన నవ్వారు. ఆ నర్సే ఎస్తేరమ్మ గారు, ఆయన భార్య.

"నాకు రెండు దినాలు వట్టింది. నీకెన్ని దినాలు వడ్తదో చూసుకో. ముందు చాయ్ తాగు, చల్లారుతది."

నాకు మూడు రోజులు పట్టింది. ఇంగ్లండులో ఆ పుస్తకం చూసే ఆవిడకు నేనే ఉత్తరం రాశాను. ప్రోగ్రాములో ఆ వరుస రాసింది నేను, దేవసహాయం గారికి చూపించకుండా పంపింది మేము, తప్పు పట్టుకున్నది మాత్రం ఆయనే అని. పంపే ముందు వేణుగోపాల్ గారికి చూపించాను. చదివి, నా ముఖం చూసి, "ఉద్యోగం ఖాయమయ్యాక రాశావన్నమాట" అన్నారు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది, నిజం కాబట్టి. అయినా పంపవద్దని అనలేదు. పది రోజులకు జవాబు వచ్చింది, నాలుగు వాక్యాలు. మీరిద్దరూ కలిసి తయారుచేసిన ట్యాగుల జాబితా మాకు పంపగలరా, ఇక మీదట మా పుస్తకాలు ఎవరు చేసినా దాన్ని జతచేయాలనుకుంటున్నాము అని. ఏడాది తరవాత ఒక పుస్తకం కూడా ఇచ్చారు. గాజు తలుపు గది మాత్రం సార్‌కు తిరిగి రాలేదు. అడుగుదామని నేనంటే, "ఒద్దు బిడ్డా, ఈడ ఎలుతురు మంచిగుంది" అన్నారు. కిటికీ పక్క బల్ల దగ్గర ఆయన ఇంకో నాలుగేళ్లు పనిచేశారు. ఆ నాలుగేళ్లూ నేను చేసిన ప్రతి పేజీ ముందు ఆయన చేతికే ఇచ్చాను, ఇవ్వమని ఎవరూ చెప్పకపోయినా.

రిటైరయ్యాక సార్, ఎస్తేరమ్మ గారు మెదక్ వెళ్లిపోయారు. పండగలకు ఫోన్ చేసేదాన్ని. ఒకసారి వెళ్లి వచ్చాను కూడా. ఆయన పోయిన కబురు ఆలస్యంగా తెలిసింది. నేను వెళ్లేసరికి ప్రార్థనలు, బంధువులు అన్నీ అయిపోయి ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఎస్తేరమ్మ గారు నన్ను గుర్తుపట్టి పక్కన కూర్చోబెట్టుకున్నారు. చాలాసేపు ఆయన గురించే మాట్లాడుకున్నాం. ఆ రోజు ఇంగ్లండుకు ఫోన్ చేసిన సంగతి ఎత్తి, "సార్‌కు అస్సలు భయం లేదమ్మా. నేనైతే భయపడి నోరే తెరవలేదు" అన్నాను.

ఆమె నా వైపు ఆశ్చర్యంగా చూశారు.

"భయం లేదని ఎవరన్నరు బిడ్డా? ఆ దినం ఇంటికొచ్చి అన్నం ముట్టలే. 'ఉద్యోగం పోయినట్టే ఎస్తేరూ, ఈ వయసుల ఇంకెవలిస్తరు' అని గోడకు ఆనుకొని కూసున్నడు. ఫోన్ చేసేటప్పుడు చెయ్యి వణుకుతుంటె బల్ల కింద దాసుకున్నడట. నువ్వు ఎదురుంగ ఉంటివట కద. పిల్ల బెదిరిపోతదని దాసిన అన్నడు."

ఎన్నో ఏళ్లుగా నేను ఆయనను భయమెరుగని మనిషిగా మనసులో నిలుపుకున్నాను. అలాంటివాళ్లకు నిజం చెప్పడం తేలిక, నాలాంటివాళ్లకు కష్టం అని ఒక సాకు కూడా లోపలెక్కడో దాచుకున్నాను. ఆ సాకును ఎస్తేరమ్మ గారు రెండు మాటల్లో లాగేసుకున్నారు.

ఇప్పుడు నేను బషీర్‌బాగ్‌లో పన్నెండు మంది పనిచేసే చిన్న ఆఫీసు చూసుకుంటున్నాను. పేజీలు చేస్తూనే ఉన్నాం, తప్పులు జరుగుతూనే ఉంటాయి. పెద్ద తప్పు బయటపడ్డ ప్రతిసారీ నాకు ఇరవై రెండేళ్ల పిల్లలా భయమేస్తుంది. ఆ భయాన్ని ఆయన పోగొట్టలేదు, పోగొడతానని చెప్పనూ లేదు. భయం ఉండగానే ఫోన్ చేయవచ్చునని మాత్రం చేసి చూపించారు. కిందటి నెల కూడా ఒకసారి చేయవలసి వచ్చింది. అవతలి వాళ్లు ఫోన్ ఎత్తగానే ముందు నా పేరు చెప్పాను, ఆ తరవాత తప్పేమిటో చెప్పాను.